పోనివ్వమన్నాడు

క్రితం వారం ఈ అత్తాకోడళ్ళని ఎస్కలాంటే ఊరి బయట, గుడారాలు వేసుకునే మైదానంలో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చోబెట్టి వచ్చేశాం. కొత్తగా వచ్చి చేరినవాళ్ళకి జరిగింది నాలుగు మాటల్లో చెబుతాను.

నెడ్రా పెద్దకొడుకు డాలిన్ రెండేళ్ళ క్రితం, ఆకులు రాలే రోజుల్లో, ఒక్కడే రాటిల్ గల్చ్ అనే ఇరుకు లోయలోకి దిగాడు. మళ్ళీ పైకి రాలేదు. లోయ మొదట్లో అతని కారు ఆపినచోటే ఉంది. వెతకడానికి వెళ్ళినవాళ్ళలో అతని తమ్ముడు టేట్ కొండచరియ మీంచి పడి చనిపోయాడు. టేట్ శవం ఇంటికి వచ్చింది. డాలిన్ ఆచూకీ రాలేదు. కొన్నాళ్ళకి అందరూ వెతకడం ఆపేశారు. ఆపనివాళ్ళు ఇద్దరే. తల్లి నెడ్రా, భార్య కొరీన్. టేట్ నడిపిన పాత పికప్ బండిలో, ఎండలు తగ్గినప్పుడల్లా, ఉటా దక్షిణాన ఉన్న ఎర్రరాతి పార్కులూ లోయలూ తిరుగుతున్నారు. తిరిగేది ఒకే బండిలో అయినా ఇద్దరూ వెతికేది ఒకటి కాదు. నెడ్రా బతికున్న కొడుకు కోసం వెతుకుతోంది. కొరీన్ అతని ఎముకల కోసం వెతుకుతోంది.

ఆ సంగతే మొన్న పొయ్యి దగ్గర బయటపడింది. "ఈ చలికాలంలో కోర్టుకి వెళ్తాను అత్తయ్యా. ఆయన పోయాడని చెప్పించుకుంటాను," అంది కొరీన్.

"నీకు వాడి ఎముకలు కావాలి. నాకు వాడు కావాలి," అంది నెడ్రా.

అక్కడితో ఇద్దరి మధ్యా మాట పడిపోయింది.

*

బౌల్డర్ కొండ ఎక్కి దిగుతున్నప్పుడు కూడా బండిలో మాట లేదు. పండిన ఆస్పెన్ ఆకులు రోడ్డుకి అడ్డంగా దొర్లుతున్నాయి. కొండ కొసన మలుపు తిరగ్గానే ఎడారి మొత్తం ఒక్కసారిగా కింద పరుచుకుంది. తెల్లటి రాతి గుండ్లు, ఎర్రటి గోడలు, వాటి మధ్య నల్లటి చీలికలు. పర్యాటకులు కార్లు ఆపుకుని, చేతులు చాపి ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకప్పుడు కొరీన్ కూడా ఇక్కడే, ఇదే గోడ మీద, డాలిన్ భుజం మీద తల పెట్టి ఫొటో దిగింది. ఇప్పుడామెకి ఆ చీలికలే కనబడతాయి. ఒక మనిషి చావడానికి ఇంత చోటు ఎందుకని అనిపిస్తుంది.

"ముందు మలుపు ఉందని ఎవరైనా చెబితే బాగుండు," అంది నెడ్రా, బండి ముందు అద్దంతో.

"మలుపు ఉందని నడిపేవాళ్ళకి తెలుసు," అంది కొరీన్, అదే అద్దంతో.

కాసేపటికి నెడ్రా కిటికీ దించింది. చలిగాలి రయ్యిన వచ్చింది.

"ఆ నల్లనీళ్ళ కంపు భరించలేక చస్తున్నాను. మా ఇంట్లో నాలుగు తరాలుగా కాఫీ ముట్టిన మనిషి లేదు."

కొరీన్ ఫ్లాస్కు మూత తీసి, చూపించి మరీ ఒక గుక్క తాగింది. వాళ్ళ చర్చి నియమం ప్రకారం కాఫీ తాగకూడదు. పెళ్ళయ్యాక ఆమె కూడా తాగలేదు. ఇలా తిరగడం మొదలుపెట్టాకే అలవాటయింది. "మీ నాలుగు తరాల్లో ఏ కోడలూ మొగుణ్ణి లోయలో పారేసుకోలేదు కదా అత్తయ్యా. పారేసుకుని ఉంటే తాగేది."

"పారేసుకోవడానికి వాడు గొడుగా?"

"గొడుగైతే ఎవరో ఒకరు తెచ్చిచ్చేవాళ్ళు."

నెడ్రా పెదవి చివర కొంచెం కదిలింది. నవ్వే. కానీ నవ్వినట్టు ఒప్పుకోవడం ఇష్టం లేక కిటికీ వైపు తిరిగింది. రెండేళ్ళుగా ఈ ఇద్దరినీ ఒకే బండిలో ఉంచినది ఇలాంటి నవ్వులే. ప్రేమ అనడానికి ఇద్దరికీ నోరు రాదు.

కాపిటల్ రీఫ్ పార్కులో ఎప్పటిలాగే ఆగారు. అక్కడి పార్కు ఉద్యోగులు ఈ బండిని దూరం నుంచే గుర్తుపడతారు. వెనక అద్దానికి డాలిన్ బొమ్మ అంటించి ఉంటుంది. ఎండకి రంగులన్నీ వెలిసి, అతని మొహం నీలంగా, నీళ్ళలోంచి చూస్తున్నట్టు తయారయింది. ఈ బండి కనబడగానే వాళ్ళు టోపీ సర్దుకుని, మొహంలోకి జాలి తెచ్చుకుని సిద్ధంగా ఉంటారు. "ఏమీ తెలియలేదమ్మా," అంటారు అడక్కముందే. నెడ్రా వాళ్ళకి థాంక్స్ చెబుతుంది. కొరీన్ బండి దిగదు. ఆ జాలి మొహాలు చూస్తే ఆమెకి ఎవరినో కొట్టాలనిపిస్తుంది.

పార్కు దాటాక పచ్చదనమంతా పోయింది. బూడిదగుట్టల్లాంటి కొండలు, గడ్డిపోచ కూడా లేని నేల. కొరీన్ రోడ్డు మీద ఒక కన్ను, ఆకాశం మీద ఒక కన్ను వేసి నడుపుతోంది. ఎక్కడైనా రాబందులు తిరుగుతున్నాయేమోనని. నెడ్రా రోడ్డు పక్కన నడిచే ప్రతి మగవాడినీ మెడ తిప్పి తిప్పి చూస్తోంది. గడ్డం ఉంటే మరీను.

కొరీన్ ఎముకల్ని ఎందుకు కోరుకుంటోందో నెడ్రా ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పగలిగేది కూడా కాదు. చనిపోయినవాడికి భార్యగా బతకొచ్చు. ఊళ్ళో వాళ్ళు వండి తెచ్చిపెడతారు, భుజం మీద చెయ్యి వేస్తారు. అతను బతికే ఉంటే, ఎక్కడో ఉండి రాకుండా ఉంటే, అప్పుడు ఆమె ఎవరు? ఆ చివరి ఏడాది ఇంట్లో అతను మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అన్నం దగ్గర కూర్చుని గోడ చూసేవాడు. "ఏమైంది?" అంటే "ఏం కాలేదు" అనేవాడు. లోయ అతన్ని మింగితే ఆ తప్పు లోయది. మింగకపోతే ఎవరిదన్న ప్రశ్న దగ్గరికి వెళ్ళడానికి కొరీన్‌కి ధైర్యం లేదు.

*

హాంక్స్‌విల్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరంటే ఒక పెట్రోలు బంకు, రెండు హోటళ్ళు, ఒక పెద్ద ఆకాశం. కొరీన్ బండికి పెట్రోలు పడుతోంది. నెడ్రా ముందు అద్దం మీది పురుగుల మరకలు తుడుస్తోంది. అప్పుడే ఒక పెద్దాయన, ఊతకర్ర పట్టుకుని, బండి వెనక నిలబడి ఉండటం కొరీన్ చూసింది. భారీ మనిషి. ప్యాంటుకి భుజాల మీంచి పట్టీలు. వెనక అద్దానికి ముక్కు ఆనించేలా వంగి బొమ్మ చూస్తున్నాడు.

"ఎవరమ్మా ఇతను?"

ఈ ప్రశ్నకి కొరీన్ జవాబు చెప్పీ చెప్పీ అరిగిపోయింది. "మా ఆయన. కింద రాసుంది చూడండి. రాటిల్ గల్చ్‌లో తప్పిపోయాడు."

"ఈ ఎడమ చెవి..."

కొరీన్ చేతిలో పెట్రోలు గొట్టం ఆగింది. డాలిన్ ఎడమ చెవి కొస ఉండదు. చిన్నప్పుడు కుక్క కరిచింది. బొమ్మలో ఆ చెవి ఉన్న వైపే కాస్త రంగు మిగిలింది.

"ఈ అబ్బాయిని నేను బండెక్కించుకున్నానమ్మా," అన్నాడు పెద్దాయన.

నెడ్రా చేతిలోని తడిగుడ్డ కింద పడింది. ఆమె బండి చుట్టూ ఎలా వచ్చిందో కొరీన్ చూడలేదు. వచ్చి ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఎప్పుడు? ఎక్కడ? బతికున్నాడా? నడుస్తున్నాడా?"

"నడవకపోతే నేనెందుకు ఎక్కించుకుంటాను అక్కా, మోసుకెళ్ళేవాణ్ణి," అని నవ్వాడు ఆయన. నెడ్రా కూడా నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. కొరీన్ వైపు తిరిగి, "చెప్పానా? చెప్పానా లేదా? తల్లిని నేను. నాకు తెలీదూ?" అంది.

కొరీన్ పెట్రోలు గొట్టాన్ని దాని చోట తగిలించింది. అలా తగిలించడానికి ఎంత జాగ్రత్త అవసరమో అప్పుడే తెలిసినట్టు, నెమ్మదిగా తగిలించింది.

*

ఆయన పేరు రూలన్. లోయల్లో నడిచేవాళ్ళని ఒక చివర దింపి ఇంకో చివర ఎక్కించుకునే వ్యాను నడిపేవాడు. హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. నెడ్రా ఆయనకి బలవంతంగా హాంబర్గర్ తెప్పించింది. తన ముందున్నది ముట్టుకోలేదు. బల్ల మీద ఆయన చేతికి తన చేతిని ఆనించే ఉంచింది, వదిలితే లేచి వెళ్ళిపోతాడేమో అన్నట్టు.

"మరి రెండేళ్ళుగా ఎందుకు చెప్పలేదు తమ్ముడూ?"

"నాకు తెలిస్తే కదక్కా. ఆ మర్నాడే నెవాడాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను, చలికాలం గడుపుదామని. అక్కడ వెన్నుకి ఆపరేషను. ఒకసారి కుట్టింది పాడై మళ్ళీ కోశారు. ఈ నెలలోనే తిరిగొచ్చాను. తప్పిపోయినవాడి బొమ్మ నేనెప్పుడూ చూడలేదు. తప్పిపోయినవాడు లోయ లోపల ఉంటాడనుకుంటాం గానీ, రోడ్డు మీద నడుస్తూ చెయ్యి ఊపుతాడనుకుంటామా?"

"ఊపాడా చెయ్యి?"

"ఊపాడు. నోటమ్ రోడ్డులో, అటుపక్క బయలు ఉంటుంది చూడండి, అక్కడ. మొహమంతా ఎండకి పొక్కిపోయి ఉంది. ఏవూరు బాబూ అంటే, సరస్సు వైపు నుంచి వస్తున్నా, పడవ చెడిపోయిందన్నాడు. పేరు కార్ల్ అన్నాడు."

"కార్ల్," అంది నెడ్రా, ఆ పేరు కూడా ముద్దుగా ఉన్నట్టు. "పాపం, ఎండదెబ్బకి తన పేరు కూడా మర్చిపోయుంటాడు. నేననలేదూ? మతి పోయి ఉంటుందని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను."

"నీళ్ళ సీసా ఇచ్చాను. పట్టుకోలేకపోయాడు. రెండు అరచేతులూ తోలు ఊడిపోయి ఎర్రగా ఉన్నాయి. సీసాని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగాడు, చిన్నపిల్లాడిలా. చేతులకేమైందయ్యా అంటే, తాడు జారింది అన్నాడు. పడవ తాడేమో అనుకున్నాను."

"అయ్యో, చేతులు," అంది నెడ్రా. తన అరచేతులు తనే చూసుకుంది. "మందేమైనా రాశావా?"

"వ్యానులో ఉన్న కొవ్వు లేపనం రాశాను అక్కా."

"నీ కడుపు చల్లగుండ."

డాలిన్ బతికే ఉన్నాడన్న మాట కొరీన్ లోపల ఇంకా ఎక్కడా దిగలేదు. రెండేళ్ళుగా ప్రతి రాబందు వెనకా పరిగెత్తింది తను. తను అలా పరిగెత్తుతుంటే అతను ఎవరి వ్యానులోనో కూర్చుని, అబద్ధపు పేరు చెప్పి, నీళ్ళు తాగాడు. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. నడిబజారులో ఎవరో గట్టిగా తన పేరు పిలిచి నవ్వినట్టు సిగ్గేసింది.

అయితే ఒక మాట ముల్లులా గుచ్చుకుని కదలనివ్వడం లేదు.

"రూలన్ గారూ, అది ఏ రోజో గుర్తుందా?"

"తారీఖు గుర్తులేదమ్మా. హెలికాప్టరు వచ్చిన రోజు."

"చాలా రోజులు వచ్చింది హెలికాప్టరు."

"అలా కాదు. కింద తాడుకి మూట కట్టి తెచ్చారు చూడు, ఆ..." రూలన్ ఆగాడు. ఎదురుగా ఉన్న ఇద్దరి మొహాలూ చూశాక, ఆ మూటలో ఉన్నది వీళ్ళ మనిషేనని ఆయనకి తట్టింది. చేతిలోని హాంబర్గర్ పళ్ళెంలో పెట్టేశాడు.

కొరీన్‌కి అంతా అర్థమైంది. ఒక తలుపు తెరుచుకున్నట్టు కాదు, కాళ్ళ కింద నేల పోయినట్టు. ఆమె లేచి నిలబడింది. "సరేనండీ. చాలా సాయం చేశారు. అత్తయ్యా, పదండి. చీకటి పడకముందే బయల్దేరాలి."

"కూర్చో," అంది నెడ్రా.

"అత్తయ్యా, మిగతా సంగతులు పోలీసులకి చెప్తారు ఆయన. మనం..."

"నువ్వు కూర్చో అన్నానా? నా కొడుకు సంగతి నేను వింటుంటే మధ్యలో నీకేం పోయేకాలం? నీకు వాడు చచ్చే కావాలి. బతికున్నాడనేసరికి నీ మొహం చూసుకో ఎలా మాడిపోయిందో."

ఆ మాటకి కొరీన్ నొచ్చుకోలేదు. నొచ్చుకోవడానికి తీరిక లేదు. బల్ల మీదికి వంగి, మొదటిసారి, అత్త చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "అత్తయ్యా. నా మాట వినండి. డాలిన్ బతికున్నాడు. మీరే గెలిచారు. ఈ ఒక్క మాటా తీసుకుని ఇంటికి వెళ్దాం. ఇంకేమీ అడగొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నెడ్రా కోడలి మొహంలోకి చూసింది. రెండేళ్ళలో కొరీన్ ఆమెతో కయ్యమాడింది, అలిగింది, ఎత్తిపొడిచింది. బతిమాలడం ఇదే మొదలు. ముసలావిడ నవ్వు మెల్లగా జారిపోయింది.

"తమ్ముడూ," అంది రూలన్‌తో. "హెలికాప్టరు వచ్చింది. తర్వాత?"

"అక్కా, నాకు సరిగ్గా..."

"నీకు అబద్ధం రాదు. మొదలుపెట్టినప్పుడే చూశాను. చెప్పు."

రూలన్ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "చప్పుడు వినబడగానే ఆపమన్నాడు. దిగాడు. కొండ అంచు మీంచి వచ్చిందది, తాడుకి మూట ఊగుతూ. నేను టోపీ తీశాను. వెతికేవాళ్ళలో ఎవరో పడిపోయారట బాబూ, అన్నాను. బంకులో పొద్దున అనుకుంటుంటే విన్నాను, అంతే. ఎవరో నాకూ తెలీదు. అతను నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అది కొండ అవతలికి పోయేదాకా చూశాడు. 'ముప్ఫై కూడా నిండలేదు,' అన్నాడు. అంతే అన్నాడు. వచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనా అన్నాను. వద్దు, పోనివ్వు అన్నాడు."

"ఏమన్నాడు?"

"పోనివ్వమన్నాడక్కా."

హోటలువాళ్ళ రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. పశ్చిమం నుంచి గాలులు, వాన సూచన లేదు.

"ఏడ్చాడా?" అని అడిగింది నెడ్రా.

రూలన్ కొరీన్ వైపు చూశాడు. అవునని చెప్పమని కొరీన్ కళ్ళతోనే వేడుకుంది.

"ఏడ్చాడక్కా. బాగా ఏడ్చాడు."

"వీపు పెట్టి నిలబడ్డాడన్నావుగా," అంది నెడ్రా. గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "తమ్ముడి వయసు వాడికెలా తెలిసింది, పైన పోయేది టేట్ అని నీకే తెలీనప్పుడు?"

నెడ్రా పళ్ళెం పక్కన పెట్టి ఉన్న తన రెండు అరచేతుల్ని చూసుకుంటోంది. ఇందాక అయ్యో చేతులు అని చూసుకున్న చేతుల్నే.

"టేట్ నడుముకి తాడు ఉంది," అంది నెమ్మదిగా. "ఇంటికి తెచ్చినప్పుడు ఆ బట్టలతో పాటు ఇచ్చారు. రెండో కొస దేనికీ కట్టి లేదన్నారు. కట్టుకోకముందే కాలు జారి ఉంటుందన్నారు."

"అత్తయ్యా, వద్దు."

"కట్టి లేదు. ఎందుకంటే అది కట్టింది కాదు. పైనుంచి ఎవరో పట్టుకున్నారు."

కొరీన్ కళ్ళు మూసుకుంది. టేట్ పడినప్పుడు డాలిన్ అక్కడ ఉన్నాడు. తాడు రెండో కొస అతని చేతుల్లో ఉంది. దాచి ఉంచాలనుకున్న మాట అదే. ముసలావిడ తనంతట తనే దాని దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది.

"ఆ పొద్దున టేట్ నాతో అన్నాడు," అంది నెడ్రా. "లోయ తూర్పు గోడ నేనొక్కణ్ణే చూస్తానమ్మా, అటు ఎవరినీ రానివ్వొద్దు, అన్నాడు. ధైర్యం ఎక్కువ వీడికి అనుకున్నాను. చర్చిలో కూడా అందరికీ అదే చెప్పుకున్నాను. వాడికి తెలుసు, అన్న ఎక్కడున్నాడో. వాడికి అన్నం పట్టుకెళ్తున్నాడో, వెనక్కి రమ్మని బతిమాలడానికి వెళ్తున్నాడో. నాకు చెప్పలేదు. ఇద్దరిలో ఒక్కడూ నాకు చెప్పలేదు."

ఆమె ఏడుస్తుందని కొరీన్ ఎదురుచూసింది. ఏడవలేదు. బల్ల మీద చిందిన ఉప్పుని వేలితో ఒక పక్కకి తోసింది. ఆ రెండేళ్ళలో నెడ్రా ఒక్కరోజు కూడా టేట్ కోసం గట్టిగా ఏడవలేదన్న సంగతి కొరీన్‌కి అప్పుడే గుర్తుకొచ్చింది. పెద్దవాడు దొరికాక తీరిగ్గా ఏడుద్దామని దాచుకున్నట్టు. ఇప్పుడు పెద్దవాడు దొరికాడు. ఆ దాచుకున్న ఏడుపు ఏమైపోయిందో.

"ఎక్కడ దింపావు తమ్ముడూ?"

"అక్కా, పోలీసులకి చెబుతాను. నేనే వెళ్ళి చెబుతాను."

"చెప్పు. ముందు నాకు చెప్పు."

రూలన్ రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఈ ఊరు దాటి దక్షిణంగా, హైట్ వెళ్ళే రోడ్డు. ఎడమ పక్కకి మట్టిదారి. పాత పశువుల కొట్టం, తెల్ల ఇల్లు. మావాళ్ళు ఉన్నారు అక్కడ అన్నాడు. ఎవరూ ఉన్నట్టు లేదు అప్పుడు." చెప్పాలా వద్దా అని తనలో తను కొట్టుకుని, చెప్పేశాడు. "మొన్న అటు వెళ్ళాను. ఇంటి కప్పు మీద ఒకతను రేకులు కొడుతున్నాడు. నేను చెయ్యి ఊపాను. అతను ఊపలేదు."

*

బండి దగ్గరికి వచ్చాక కొరీన్ తాళాలు గుప్పిట్లో పట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఉత్తరానికి వెళ్దాం అత్తయ్యా. ఇంటికి. పోలీసులే చూసుకుంటారు."

"నిన్నటిదాకా ఎముకలు కావాలన్నదానివి. ఇప్పుడు మనిషే దొరికితే ఇంటికంటావేం?"

"నాకు భయంగా ఉంది. ఆయన్ని చూస్తే ఏం చేస్తానో నాకు తెలీదు. మీరేం చేస్తారో అంతకన్నా తెలీదు. ఏమని అడుగుతారు వెళ్ళి? ఎందుకు వెళ్ళిపోయావనా? అది నేను అడగాల్సింది. నేనే అడగలేను."

"అది నాకక్కర్లేదు. మొగుడూ పెళ్ళాల సంగతి మీరు మీరు చూసుకోండి." నెడ్రా చెయ్యి చాపింది, తాళాల కోసం. "తాడు జారిందన్నాడు వాడు. జారిందా, వదిలాడా. అదొక్కటే అడుగుతాను. జారిందంటే నాకొక కొడుకు మిగిలాడు. వదిలానంటే..."

కొరీన్ తాళాలు ఇవ్వలేదు. అటు తిరిగి తనే బండెక్కి, ఇంజను ఆన్ చేసింది.

దక్షిణం రోడ్డు ఖాళీగా ఉంది. రెండు పక్కలా ఎర్రమట్టి దిబ్బలు, వాటి వెనక హెన్రీ కొండలు నీలంగా. అద్దంతో కూడా ఎవరూ మాట్లాడలేదు. ఒకచోట రాబందులు మూడు నాలుగు తిరుగుతున్నాయి. అలవాటుగా కొరీన్ తల ఎత్తి చూసింది. ఇక చూడాల్సిన పని లేదని గుర్తొచ్చి దించుకుంది. రోడ్డు పక్కన గడ్డం ఉన్నవాడొకడు సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. నెడ్రా అతని వైపు చూడలేదు. ఇద్దరికీ చేతినిండా ఉన్న పని ఒక్కసారిగా పోయింది. ఇంత విశాలమైన దేశంలో కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియని ఇద్దరు ఆడవాళ్ళలా ముందుకే చూస్తూ కూర్చున్నారు.

మట్టిదారి వచ్చింది. పశువుల కొట్టం సగం కూలి ఉంది. దాని వెనక తెల్ల ఇల్లు. కప్పు మీద కొత్త రేకులు ఎండకి మెరుస్తున్నాయి. ఒక మనిషి మోకాళ్ళ మీద వంగి మేకులు కొడుతున్నాడు. సుత్తి చప్పుడు బండిలోకి వినబడుతోంది.

బండి గుంతలో పడి లేచింది. సుత్తి ఆగింది.

ఆ మనిషి తల ఎత్తాడు. టోపీ నీడలో మొహం తెలియలేదు. కానీ అతను లేచి నిలబడిన తీరు, ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి, కొరీన్ పన్నెండేళ్ళు రోజూ పొద్దున్నే చూసిన తీరు. ఆమె కాలు బ్రేకు మీద పడింది. బండి ఆగి, వెనకనుంచి దుమ్ము ముందుకి వచ్చి చుట్టూ కమ్ముకుంది.

పారిపోతాడనుకుంది. పారిపోలేదు. సుత్తిని రేకుల మీద జాగ్రత్తగా పెట్టాడు. నిచ్చెన దిగాడు. దిగేటప్పుడు వేళ్ళు సరిగ్గా ముడవలేనివాడిలా, మోచేతులు నిచ్చెనకి ఆనించుకుంటూ దిగాడు. తర్వాత, దుమ్ములోంచి, తిన్నగా బండి వైపే నడిచి రావడం మొదలుపెట్టాడు. తల్లి కూర్చున్న వైపుకే.

"అత్తయ్యా," అంది కొరీన్.

నెడ్రా అతన్నే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. అతను దగ్గరికి వచ్చి, టోపీ తీసి, అద్దం అవతల ఆగాడు. పెదవులు కదిలాయి. అమ్మా అన్నాడో ఏమో, ఇంజను చప్పుడులో వినబడలేదు.

నెడ్రా చెయ్యి చాపి, బండి తలుపు గడియ కిందికి నొక్కి, లోపలి నుంచి తాళం వేసింది.